షుగరు గడిలో నేను రాసిన ‘లేదు’

2025 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కూతురు బందరు నుంచి ఫోను చేసి, కుశల ప్రశ్నలేవీ లేకుండానే, "బాబాయ్, ఇన్సూరెన్సు ఏజెన్సీ తీసుకుందామనుకుంటున్నాను. చేరమంటావా, వద్దంటావా?" అని అడిగింది. ఆమె చేరదలచుకున్నది 2024 డిసెంబరులో మొదలైన బీమా సఖి పథకంలో. పదో తరగతి చదివిన ఆడవాళ్ళను ఎల్ఐసీ ఏజెంట్లుగా తీసుకొని, మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయలు స్టైపెండు ఇస్తారు; కట్టించిన పాలసీల మీద కమిషను వేరే. డిగ్రీ అయి ఏడాది దాటినా సరైన ఉద్యోగం దొరకని ఇరవై రెండేళ్ళ పిల్లకు ఇది మంచి అవకాశమో కాదో చెప్పడానికి మరొకరికైతే ఐదు నిమిషాలు చాలు. నాకు రెండు వారాలు పట్టింది. వాళ్ళ నాన్నకు పాలసీ కట్టించిన ఏజెంటును నేనే, ఆ పాలసీ ఆ ఇంటికి అక్కరకు రాలేదు.

జీవిత బీమా దండగా కాదా అన్న ప్రశ్న, దాన్ని అమ్ముకుంటూ బతకవచ్చునా అన్న ప్రశ్న వేర్వేరుగా కనిపిస్తాయి. ఏజెంటు ఇంట్లో పుట్టి, కొన్నాళ్ళు ఆ పని తానూ చేసి, చివరికి చేయలేక మానుకున్నవాడిగా నాకు ఆ రెండూ విడదీయరానివిగానే అనిపిస్తాయి. మన ఇంటికి ఎటువంటి బీమా వచ్చి చేరుతుందన్నది, దాన్ని తెచ్చే మనిషికి దేనికి, ఎప్పుడు, ఎంత ముడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏజెంటు అవసరం ఆ ఇంటికి నిజంగా పడేది పాలసీ కట్టించిన పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో. అతనికి డబ్బు దండిగా వచ్చేది మాత్రం మొదటి ఏడాదే. ఈ ఎడం వల్లనే మంచి సరుకు చెడ్డపేరు తెచ్చుకుందని నా అభిప్రాయం.

మా నాన్న 1981 నుంచి 2017లో పోయేదాకా బందరులో ఏజెంటుగా చేశారు. బందరుకు, బీమాకు పాత చుట్టరికం ఉంది. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు రెండేళ్ళ తరువాత అదే ఊళ్ళో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని కూడా పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, పాలసీదారుల సొమ్మును కొందరు యజమానులు తమ సొంత వ్యాపారాలకు మళ్ళించుకుంటున్నారని తేలి పార్లమెంటులో గొడవ జరిగిన మీదట, 1956లో దేశంలోని 245 బీమా సంస్థలను కలిపేసి ఆ సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థను ఏర్పాటు చేశారు. బందరు ఈనాటికీ ఆ సంస్థకు ఒక డివిజనల్ ఆఫీసు ఉన్న ఊరు. దీపాన్ని కాపాడుతున్న రెండు చేతుల బొమ్మ, దాని కింద ‘యోగక్షేమం వహామ్యహం’ అన్న గీతావాక్యం మా వీధిలో పిల్లలకు అక్షరాలు రాకముందే తెలుసు.

ఆ వాక్యానికి మా నాన్న పెద్దల దగ్గర విన్న అర్థం ఒకటి చెప్పేవారు. లేనిదాన్ని సంపాదించి పెట్టడం యోగం, ఉన్నదాన్ని కాపాడటం క్షేమం. తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు రెండూ తానే మోస్తానన్నాడు కాబట్టి సరిపోయింది కానీ, ఒక కాగితం చేత ఆ రెండు బరువులూ మోయించబోయినప్పుడే బీమాలో చిక్కంతా వచ్చిందని నాకు తరువాత అర్థమైంది. సంపాదించే మనిషి అర్ధాంతరంగా పోతే ఆ ఇల్లు నిలబడటానికి కావలసినంత డబ్బు ఇవ్వడం క్షేమం. అది టర్మ్ పాలసీ చేస్తుంది. ఏటా కట్టినదాన్ని ఇరవై ఏళ్ళకు బోనసు కలిపి తిరిగి ఇవ్వడం యోగం. ఎండోమెంటు, మనీ బ్యాక్ వంటివి రెండూ చేస్తామంటాయి.

ఎంత బాగా చేస్తాయో ఒక లెక్క చూద్దాం. ముప్పై ఏళ్ళవాడు పది లక్షల ఎండోమెంటు పాలసీని ఇరవై ఏళ్ళకు తీసుకుంటే ఏడాది ప్రీమియం ఉరామరికగా 50,000 పడుతుంది. బీమా మొత్తంలో వెయ్యికి 44 రూపాయల చొప్పున ఏటా బోనసు ప్రకటిస్తూ పోయారనుకుంటే ఇరవై ఏళ్ళకు బోనసు 8 లక్షల 80 వేలు, అసలుతో కలిపి 18 లక్షల 80 వేలు చేతికి వస్తాయి. కట్టింది పది లక్షలే కాబట్టి దాదాపు రెట్టింపయినట్టు కనబడుతుంది, ఏజెంటు చూపించేదీ ఆ రెట్టింపునే. చక్రవడ్డీ లెక్కన చూస్తే అది ఆరు శాతానికి లోపే. అదే 50,000 ఏటా ప్రభుత్వ పొదుపు ఖాతా అయిన పీపీఎఫ్‌లో వేసి, పదిహేనేళ్ళ తరువాత మరో ఐదేళ్ళు పొడిగించుకుంటే, 2020 నుంచి నడుస్తున్న 7.1 శాతం వడ్డీ చొప్పున 22 లక్షలు దాటుతుంది. తేడా మూడు లక్షల పైమాటే. ఆ తేడాకు బదులుగా పది లక్షల రక్షణ ఉందిగా అనవచ్చు. ఆ వయసులో, ఆరోగ్యం బాగుండి పొగతాగే అలవాటు లేనివాడికి, కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి పది పదిహేను వేలలో దొరుకుతుంది. నెలకు 30,000 ఖర్చున్న ఇంటికి పది లక్షలంటే మూడేళ్ళు కూడా కాదు. మా నాన్న కట్టించిన పాలసీల్లో ఎక్కువ భాగం లక్ష, రెండు లక్షలవి; రెండు లక్షలంటే ఈనాటి లెక్కలో ఆ ఇంటికి ఏడు నెలలు కూడా గడవదు.

ఇంత తేటగా ఉన్న లెక్క జనానికి ఎందుకు పట్టదంటే, అందులో చదువుకన్నా మన భాష పాత్ర ఎక్కువ. తెలుగునాట ఏ ఏజెంటూ ఎవరి ముందూ ‘మీరు చనిపోతే’ అని అనడు. ‘జరగరానిది ఏదైనా జరిగితే’ అంటాడు, అదీ గొంతు తగ్గించి, అంటూనే చేత్తో ఆ మాటను పక్కకు తోసేస్తాడు. వినేవాడి భార్య అప్పటికే లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ మాట తప్ప మరో మాట అక్కరలేని టర్మ్ పాలసీని ఈ వాతావరణంలో అమ్మడం కష్టం. దాని తరువాత వచ్చే ప్రశ్న కూడా ఖాయమే: "ఏమీ జరగకపోతే నాకేమొస్తుంది?" ఏమీ రాదని చెప్పగానే బేరం ముగుస్తుంది. ఇంటికి తాళం కొన్నప్పుడు, దొంగ రాకపోతే తాళం డబ్బులు వెనక్కి ఇస్తావా అని కొట్టువాణ్ణి అడిగేవాళ్ళెవరూ నాకు తగల్లేదు. బీమా దగ్గరకొచ్చేసరికి అందరం అడుగుతాం, నేనూ అడిగినవాణ్ణే.

అయితే మా నాన్న ఎండోమెంటును వెనకేసుకొచ్చే తీరు కొట్టిపారేయదగ్గది కాదు. ఆయన ఖాతాదారుల్లో రోల్డుగోల్డు పనివాళ్ళు చాలామంది ఉండేవారు. వారంవారం కూలి చేతికొచ్చే ఆ మనుషులకు పీపీఎఫ్ అంటే తెలియదు, తెలిసినా ఎవరూ అడగని పద్దు ఏటా కట్టరు. చిట్టీ కడతారు, ఎందుకంటే కట్టకపోతే చిట్టీ ఆయన గుమ్మం ముందుకొస్తాడు. నాన్న కూడా అలాగే మూడు నెలలకోసారి సైకిలు మీద వెళ్ళి గుమ్మంలో నిలబడి ప్రీమియం కట్టించేవారు. వాళ్ళలో ఒకాయన 1985లో తీసుకున్న పదివేల పాలసీ 2005లో మెచ్యూరై, బోనసుతో కలిసి ఇరవై వేల పైచిలుకు చేతికొచ్చినప్పుడు మా ఇంటికి అరటిపళ్ళు, చీర తెచ్చి, "అప్పుడు పదివేలకు మా వీధిలో స్థలం వచ్చేదండీ, ఇప్పుడీ ఇరవైకి ప్రహరీ గోడ కూడా లేవదు. అయినా మీరు గుమ్మంలో నిలబడకపోతే ఈ ఇరవై కూడా ఉండేవి కావు" అన్నాడు. లాభనష్టాలు రెండూ కలిపి ఒకే ఊపిరిలో చెప్పిన మనిషి ఆయన ఒక్కడే. చీర మా అమ్మ తీసుకోలేదు, అరటిపళ్ళు తీసుకుంది.

కానీ ఈ వాదన నిలవాలంటే ఆ గుమ్మంలో ఎవరో ఒకరు ఇరవై ఏళ్ళు నిలబడుతూ ఉండాలి. అమ్మిన పాలసీల్లో ఐదేళ్ళు నిండేసరికి ఇంకా నడుస్తూ ఉండేవి సంఖ్యలో సగానికి అటూ ఇటూగా ఉండటం మన దేశపు బీమాలో మామూలే. మిగతావి ప్రీమియం కట్టక ల్యాప్స్ అయినవో, మధ్యలో కంపెనీకి తిరిగి ఇచ్చేసి, అంటే సరెండరు చేసి, వచ్చినంత తీసుకున్నవో. పాత నిబంధనల ప్రకారం మూడేళ్ళు నిండకుండా కట్టడం మానేస్తే చిల్లిగవ్వ రాదు; మూడేళ్ళు కట్టి సరెండరు చేస్తే మొదటి ఏడాది ప్రీమియం తీసేసి మిగిలినదాంట్లో ముప్పై శాతానికి హామీ. 2024 అక్టోబరు 1 నుంచి, ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినవాళ్ళకు కూడా కొంత సరెండరు విలువ ఇవ్వాలని హైదరాబాదులోని నియంత్రణ సంస్థ మార్చింది. చాలా ఆలస్యంగా వచ్చిన మంచి మార్పు. అంతకు ముందు దశాబ్దాలపాటు, కొనసాగించినవాళ్ళ రాబడిలో కొంత భాగం మానేసినవాళ్ళు వదులుకున్న సొమ్మేనని గుర్తుంచుకోవాలి.

ఏజెంటు వైపు నుంచి చూస్తే ఇదంతా వింతగా అనిపించదు. ఎల్ఐసీ ఎండోమెంటు పాలసీల మీద చాలాకాలం నడిచిన పద్ధతిలో, మొదటి ఏడాది ప్రీమియంలో 25 శాతం కమిషను, దానిమీద బోనసు కమిషను కలిపి 35 శాతం. రెండు, మూడు ఏళ్ళలో ఏడున్నర శాతం. ఆ తరువాత ఐదు శాతం. ఇరవై వేల ప్రీమియం పాలసీకి మొదటి ఏడాది ఏడు వేలు వస్తే, నాలుగో ఏడాది నుంచి ఏడాదికి వెయ్యి. అంటే ఒక కొత్త పాలసీ కట్టిస్తే వచ్చేది, పాత పాలసీని ఏడేళ్ళు చూసుకుంటే వచ్చేదానితో సమానం. ఇప్పుడు టర్మ్ పాలసీని దీని పక్కన పెట్టండి. అదే శాతం ఇస్తారనుకున్నా, 50,000 ఎండోమెంటు మీద 17,500 వచ్చేచోట పన్నెండు వేల టర్మ్ మీద 4,200 వస్తాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఏప్రిల్లో ఫీజులు కట్టవలసిన ఏజెంటు ఏది సిఫారసు చేస్తాడో ఊహించడానికి అతను దుర్మార్గుడు కానక్కరలేదు. 2024లో సరెండరు నిబంధన మారాక ఎల్ఐసీ మొదటి ఏడాది కమిషనును 28 శాతానికి తగ్గించి, తరువాతి ఏళ్ళది పెంచితే ఏజెంట్ల సంఘాలు గగ్గోలు పెట్టాయి. వాళ్ళ బాధ నాకు తెలుసు కానీ, ఆ మార్పు మాత్రం సరైన దిక్కుకే జరిగిందని అనుకుంటాను.

ఇక నా సంగతి. 2006 వేసవిలో ఒక ప్రైవేటు కంపెనీలో ఏజెన్సీ తీసుకున్నాను. అవి యూలిప్‌ల రోజులు. ప్రీమియంలో కొంత బీమాకు పోగా మిగతాది షేర్లలో పెడతారని, మూడేళ్ళు కడితే చాలునని, ఆ తరువాత చెట్టు దానంతట అది కాస్తుందని మాకు నేర్పారు, మేము చెప్పాము. మొదటి ఏడాది కట్టిన దాంట్లో మూడోవంతుకు పైగా ఖర్చుల కింద పోయి మిగిలినదే షేర్లకు వెళ్తుందన్న సంగతి బ్రోచరులో ఉంది, చిన్న అక్షరాల్లో. మార్కెట్టు పెరుగుతున్నంత కాలం ఎవరూ చదవలేదు. 2008 జనవరిలో 21,000 దాకా వెళ్ళిన సెన్సెక్సు ఏడాది తిరిగేసరికి ఎనిమిది వేలకు పడినప్పుడు అందరూ ఒకేసారి చదివారు. 2010 సెప్టెంబరు నుంచి యూలిప్‌ల ఖర్చులకు పరిమితి పెట్టి, డబ్బు వెనక్కి తీసుకోవడానికి వీల్లేని గడువైన లాకిన్‌ను మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు. అప్పటికి నేను ఆ పనిలో లేను. మూడేళ్ళలో 31 పాలసీలు కట్టించాను. వాటిలో 24 బంధువులవి, స్నేహితులవి, నాన్న మొహం చూసి కట్టినవాళ్ళవి. కొత్త ఏజెంటుకు మొదటి సలహా అదే: "మీకు తెలిసినవాళ్ళ పేర్లు వంద రాయండి." ఆ జాబితా అయిపోయిన నాడు ఏజెంటు పని కూడా అయిపోతుంది. మా శిక్షణ బ్యాచిలో ఇరవై రెండు మందిమి, ఇప్పుడు ఆ వృత్తిలో ఉన్నది ఇద్దరు.

ఆ జాబితాలో మొదటి పేరు మా పెదనాన్న కొడుకుది, ఈ అమ్మాయి వాళ్ళ నాన్నది. కోనేరు సెంటరు దగ్గర చిన్న ఎలక్ట్రికల్ షాపు. జూన్ నెలాఖరుకు ఇంకో రెండు పాలసీలు పూర్తి చేస్తే గోవా ట్రిప్పు అన్నారు కాబట్టి రాత్రి షాపు మూసే వేళ వెళ్ళాను. సగం దించిన షట్టరు కింద, కౌంటరు మీద వైరు ముక్కలు పక్కకు నెట్టి ఫారం పరిచాను. నేను పెన్సిలుతో ఇంటూ పెట్టిన చోటల్లా అన్నయ్య సంతకాలు చేస్తూ పోయాడు. ఆరోగ్యం పేజీ వచ్చినప్పుడు చదివి వినిపించాను. "షుగరుంది కదరా, నీకు తెలీదా? పొద్దున ఒక బిళ్ళ వేసుకుంటున్నాను" అన్నాడు. నాకు తెలుసు. రాస్తే మెడికల్ పరీక్షలంటారు, రిపోర్టులంటారు, నెలాఖరు దాటిపోతుంది. "ఆ ఒక్క బిళ్ళకు ఏముందిలే అన్నయ్యా, అందరికీ ఉండేదే" అని ఆ గడిలో ‘లేదు’ అని రాశాను. ఐదు లక్షల పాలసీ, ఏడాదికి 24,000 ప్రీమియం. గోవా వెళ్ళొచ్చాను.

2008 జనవరిలో గుండెపోటు వచ్చి విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజున అన్నయ్య పోయాడు. పాలసీకి పందొమ్మిది నెలలు. తొందరగా వచ్చిన క్లెయిములను కంపెనీలు విచారించడం మామూలే, అది తప్పు కూడా కాదు. ఆసుపత్రి కేసు షీటులో మొదటి వాక్యమే ఆరేళ్ళుగా షుగరు ఉన్న రోగి అని మొదలవుతుంది. బీమా చట్టంలో 45వ సెక్షన్ అని ఒకటుంది: నిర్ణీత గడువు దాటాక, ఫారంలో చెప్పినదాన్ని తిరగదోడి పాలసీని కాదనడానికి వీల్లేకుండా అది పాలసీదారును కాపాడుతుంది. అప్పుడు ఆ గడువు రెండేళ్ళు, అది కూడా మోసం నిరూపించలేకపోతేనే. 2015 సవరణ తరువాత మూడేళ్ళు, ఆపైన ఏ కారణం మీదా ప్రశ్నించరాదు. మాకు ఐదు నెలలు తక్కువైంది. క్లెయిము ఇవ్వలేమని ఇంగ్లీషులో నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది, యూలిప్ నిధిలో మిగిలిన 38 వేల చిల్లరకు చెక్కు జతపరిచి. వదిన దాన్ని నా చేతికిచ్చి చదవమంది. ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను, ‘లేదు’ అని రాసింది ఎవరో కూడా చెప్పాను. ఆమె కాసేపటికి, "సంతకం పెట్టింది ఆయనే కదా" అని మాత్రం అంది. చట్టం అనేదీ అదే మాట. ఐదేళ్ళ పిల్ల ఆ కవరు వెనక బొమ్మ వేసుకుంటూ కూర్చుంది.

నాన్న ఆ ఉత్తరం చూసి నన్ను అడిగింది ఒక్కటే: "ఫారం నువ్వు నింపావా, వాడు నింపాడా?" ఆయన ఆరోగ్యం పేజీని ఎప్పుడూ ఇంటాయన్ని అడిగి నింపేవారు కాదని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటావిడను పిలిచి, "అమ్మా, అబ్బాయికి షుగరు, బీపీ ఏమైనా ఉన్నాయా? రాత్రిళ్ళు దగ్గుతాడా?" అని అడిగేవారట. మగవాళ్ళు ప్రీమియం పెరుగుతుందని దాచినా ఆడవాళ్ళు దాచరని ఆయన లెక్క. షుగరున్నవాళ్ళకు చాలావరకు పాలసీ రాకుండా పోదు, అదనపు ప్రీమియం పడుతుంది, అంతే. ఆ నాలుగు డబ్బులు మిగిల్చిపెట్టబోయి ఐదు లక్షలు పోగొట్టాను.

నాన్న సామర్థ్యం అమ్మకంలో కన్నా ఇటువంటి చోట్ల ఎక్కువగా కనిపించేది. ఖాతాదారు పోయాడని తెలిస్తే పెద్దకర్మ అయ్యేదాకా ఆగి, మర్నాడు సంచిలో ఫారాలు పెట్టుకుని వెళ్ళేవారు. ట్రంకుపెట్టెలోంచి బాండు తీసేసరికి మూడొంతుల ఇళ్ళలో ఏదో ఒక ముడి ఉండేది. పాలసీలో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు. నామినీ కాలమ్‌లో ఎప్పుడో చనిపోయిన తండ్రి. అప్పుడు వారసుల ధ్రువపత్రం కోసం తిరగాలి, ఒక్కోసారి కోర్టు మెట్లెక్కాలి. అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది, పెళ్ళికి ముందు కట్టిన పాలసీలో నామినీగా తల్లి పేరుండటం. పెళ్ళయి పిల్లలు పుట్టి పదేళ్ళయినా ఎవరూ మార్పించరు. 2015 సవరణ తరువాత నామినీగా ఉన్న తల్లిదండ్రులకు, భార్యకు లేక భర్తకు, పిల్లలకు ఆ సొమ్ము మీద సొంత హక్కు ఏర్పడింది కాబట్టి, అత్తాకోడళ్ళకు పడని ఇంట్లో ఈ ఒక్క గడి ఎంత పని చేస్తుందో చెప్పనక్కరలేదు. నామినీని మార్చడానికి ఒక ఫారం, ఒక సంతకం చాలు. దానికి ఏజెంటుకు కమిషను సున్నా. నా సొంత పాలసీలో నామినీగా మొన్నమొన్నటిదాకా నాన్న పేరే ఉందన్న సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి.

ఏజెంటు అనే మనిషే అక్కరలేదు, అంతా ఫోనులోనే కొనుక్కోవచ్చు అనేవాళ్ళు నా స్నేహితుల్లో చాలామంది. కొనడం వరకు నిజమే. మధ్యవర్తి లేకపోతే చౌక కూడా. జీవిత బీమా ప్రీమియం మీద 18 శాతం దాకా ఉన్న జీఎస్టీని వ్యక్తిగత పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశాక టర్మ్ మరికొంత తేలికైంది. బాండు వచ్చాక ముప్పై రోజుల్లోగా నచ్చకపోతే తిప్పి పంపే హక్కు కూడా ఉంది. కానీ కొన్నవాడు క్లెయిము చేసుకోలేడన్నది ఈ సరుకుకే ఉన్న విశేషం. 2015లో మొదలైన ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో ఏడాదికి 436 రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి వాటంతట అవే పోతాయి, రెండు లక్షల రక్షణ. పేదవాడికీ అందే మొత్తం అది. అయితే పాస్‌బుక్కులో ఆ ఒక్క వరుసను చూసి అదేమిటో ఇంట్లో ఎవరైనా గుర్తుపడితేనే ఆ రెండు లక్షలు. మా వీధిలో ఒక మేస్త్రీ పోయినప్పుడు వాళ్ళబ్బాయి ఆ వరుసను బ్యాంకు చార్జీలనుకున్నాడు. పదేళ్ళు ఎవరూ అడగని బీమా సొమ్ము చివరికి వృద్ధుల సంక్షేమ నిధికి జమ అవుతుంది. ఒక నిధే ఏర్పాటు చేయవలసి వచ్చిందంటే అడగనివాళ్ళు ఎందరో ఆలోచించండి.

దీనికి ఎదురుగా తెలంగాణ రైతుబీమాను చూడాలి. 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో పోయినా ఇంటికి ఐదు లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. అందులో ఏజెంటు లేడు, కమిషను లేదు. అయినా డబ్బు ఇళ్ళకు చేరుతున్నదంటే దానికొక కారణం, చావు కబురు తెలియగానే ఆ ఇంటికి వెళ్ళి నామినీ కాగితాలు తీసుకుని పైకి పంపవలసిన బాధ్యత వ్యవసాయ విస్తరణాధికారి మీద ఉండటం. అమ్మేవాణ్ణి తీసేసినా, చివర్లో గుమ్మం తొక్కేవాణ్ణి వాళ్ళు తీసేయలేదు. కౌలురైతుకు అందులో చోటు లేకపోవడం వేరే పెద్ద అన్యాయం, దాని గురించి విడిగా రాయాలి.

కనుక అమ్మాయికి నేను చెప్పినది ఇది. ముందు నీ మొహమాటం సంగతి చూసుకో. మొదటి ప్రీమియంలో మాకెంత వదులుతావని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కమిషను పంచి ఇవ్వడం చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం నేరం, పది లక్షల దాకా జరిమానా ఉంది, అయినా ఊరంతా ఇస్తారు. నువ్వు ఇవ్వడం మొదలుపెడితే నీకు మిగిలేది తిరుగుడు ఖర్చు. స్టైపెండు చూసుకుని చేరకు, అది మూడేళ్ళకు ఆగిపోతుంది. కానీ ఆ పథకంలో నాకు నచ్చిన షరతు ఒకటుంది: మొదటి ఏడాది కట్టించిన పాలసీల్లో కనీసం 65 శాతం నడుస్తూ ఉంటేనే రెండో ఏడాది స్టైపెండు. నిలబడేవే కట్టించు. సంపాదించేవాడు ఒక్కడే ఉన్న ఇంట్లో ముందు టర్మ్ గురించి చెప్పు; కమిషను తక్కువైనా చెప్పు. నిలకడ లేని చేతులకు, ఏటా కట్టగలరని నీకు నమ్మకం కుదిరితే, చిన్న ఎండోమెంటు చెప్పు, కానీ అది రెట్టింపవుతుందని చెప్పకు. పదేళ్ళపాటు ఈ ఊరు వదలనని నీకు నమ్మకం లేకపోతే మాత్రం చేరకు.

చివరి మాట వినగానే, "మరి తాతయ్యకు దీంట్లో ఏమి మిగిలింది బాబాయ్?" అంది. ఇది మా ఇంట్లో లెక్క తెలిసిన విషయమే. ఏజెంటు పోయాక కూడా, అతను కట్టించిన పాలసీలు నడుస్తున్నంత కాలం, రావలసిన రెన్యువల్ కమిషను వారసులకు ఇస్తారు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా మా అమ్మ ఖాతాలో ప్రతి నెలా కొంత పడుతుంది. పాలసీలు ఒక్కొక్కటే మెచ్యూరవుతున్న కొద్దీ అది తగ్గుతూ వస్తున్నది. గత నెల 2,140 రూపాయలు. ఆ మెసేజి వచ్చినప్పుడల్లా అమ్మ చదవమంటుంది. తన పేరు మీద లక్ష రూపాయల పాలసీ తప్ప మరో బీమా లేని మనిషి మా నాన్న. ఈ పని ఆయన చేతికి ఇచ్చిన బీమా ఆ కమిషనే. రాకపోకలకు స్కూటరు కొన్నది 1998లో, అంతవరకు సైకిలే. ధనవంతుడు కాలేదు, అప్పుల్లోనూ పోలేదు. సన్మానాలు, విదేశీ ప్రయాణాలు చేసే పెద్ద ఏజెంట్లు కూడా ఉన్నారు, వాళ్ళు వ్యాపారస్తులకు, డాక్టర్లకు కట్టిస్తారు. ఆ దారి బందరులో ఇరవై రెండేళ్ళ అమ్మాయికి తెరిచి ఉంటుందని చెప్పి నేను ఆశ పెట్టలేను.

అమ్మాయి చేరింది. పరీక్ష పాసయింది, ఏజెంటు కోడు వచ్చింది. వదినను అడిగే చేరావా అంటే, "అమ్మే వెళ్ళమంది" అని చెప్పింది. నేను ఇంకేమీ అడగలేదు. మొదటి నెలలో పాలసీ ఒక్కటి కూడా కట్టించకుండా వీధిలో ఎనిమిది ఇళ్ళలో నామినీ పేర్లు మార్పించింది. కార్తీకమాసంలో మొదటి ప్రొపోజలు దొరికింది. నలభై ఒక్క ఏళ్ళ కిరాణా షాపాయన. ఇంటావిడను పిలిచి అడిగిందట. షుగరు మూడేళ్ళుగా ఉందని ఆవిడ చెప్పింది. ఫారంలో ‘ఉంది’ అని రాసి, వాడే మందుల పేర్లు కూడా రాసింది. పరీక్షలు చేయించమన్నారు, చేయించింది. అదనపు ప్రీమియం ఏడాదికి రెండు వేల మూడు వందలు వేశారు. షాపాయన ఆ కాగితం చూసి ఆలోచించి చెబుతానన్నాడు.

పది రోజుల తరువాత రాత్రి ఫోను చేసింది. "పోయింది బాబాయ్. వెనక వీధిలో ఇంకొకాయన దగ్గర కట్టేశాడట. అక్కడ పరీక్షలేవీ అడగలేదని, ప్రీమియం కూడా తక్కువేనని వాళ్ళావిడ చెప్పింది." ఆ ఫారంలో ఏమి రాసి ఉంటారో నాకు చూడనక్కరలేదు. మూడేళ్ళ గడువు ఎప్పటికి దాటుతుందని అడిగింది. 2028 నవంబరు అని చెప్పాను. ఆ నెల దాకా అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆ షాపులోనే సరుకులు కొంటానంది.